కస్టమ్స్ యూనియన్‌లో చేరి టర్కీ సుంకాలు తగ్గించుకుంది కదా, మరి మన బట్టలకు నష్టం ఎలా వచ్చింది?

కృష్ణాతీరం (ప్రశ్న)

అందరికీ నమస్కారం. ప్రాంతీయ ఆర్థిక సమైక్యత గురించి డిగ్రీ పుస్తకాల్లో ఒకటే వరస కనిపిస్తుంది: స్వేచ్ఛా వాణిజ్య ప్రాంతం, తర్వాత కస్టమ్స్ యూనియన్, తర్వాత ఉమ్మడి మార్కెట్, చివర ఆర్థిక సమాఖ్య. కూటమిలో ఉన్నవాళ్లకు ఏమవుతుందో పేజీలకు పేజీలు రాస్తారు. బయట ఉన్న దేశానికి ఏమవుతుందన్న దగ్గరికొచ్చేసరికి "వాణిజ్య మళ్లింపు జరగవచ్చు" అని ఒక్క వాక్యంతో సరిపెడతారు.

నాకు అర్థం కాని సంగతి ఇది. 1996 నుంచి టర్కీ, యూరోపియన్ యూనియన్‌ల మధ్య పారిశ్రామిక వస్తువులకు కస్టమ్స్ యూనియన్ (లోపల సుంకం లేకుండా, బయటివాళ్ల మీద అందరూ ఒకటే సుంకం వేసే కూటమి) ఉంది. దానికోసం టర్కీ ఈయూ వారి ఉమ్మడి బయటి సుంకాన్ని తనదిగా తీసుకుంది. చాలా పారిశ్రామిక సరుకులకు అది టర్కీ పాత సుంకాల కంటే తక్కువ. ఆ లెక్కన మనలాంటి బయటి దేశాలకు మేలు జరగాలి. కానీ మన దేశం డబ్ల్యూటీఓలో (ప్రపంచ వాణిజ్య సంస్థలో) టర్కీ మీద కేసు వేసి గెలిచింది. సుంకం తగ్గినా నష్టం ఎక్కడి నుంచి వచ్చింది?

దీనికి తోడు ఇంకో రెండు. ఫలానా సరుకులో మళ్లింపు జరిగిందా లేదా అని ఒక విద్యార్థి చేతిలో ఉన్న డేటాతో తేల్చుకోగలడా? మన నూలును జర్మనీలో డ్యూటీ కట్టి దింపుకున్నవాడు దాన్ని టర్కీకి పంపితే అక్కడ మళ్లీ డ్యూటీ పడుతుందా?

సుంకాలలెక్క

ముందు మళ్లింపు అంటే ఏమిటో అంకెల్లో పెడితే మిగతా రెండు ప్రశ్నలకు దారి దొరుకుతుంది. 1950లో ఆర్థికవేత్త జేకబ్ వైనర్ చెప్పిన విషయమే ఇది. కింది అంకెలు మాత్రం లెక్క కోసం నేను వేసుకున్నవి.

ఒక దేశం చొక్కాలు కొంటోంది. సొంత ఫ్యాక్టరీలో తయారైతే 100 రూపాయలు. ఇండియా నుంచి 75. పక్క దేశం నుంచి 80. అందరి మీదా 20% సుంకం. అప్పుడు ఇండియా చొక్కా 90కి, పక్క దేశానిది 96కి పడుతుంది. ఆర్డరు ఇండియాకు వస్తుంది.

పక్క దేశంతో కూటమి కట్టి దాని సుంకం సున్నా చేశారనుకోండి. పక్క దేశపు చొక్కా 80, మనది అలాగే 90. ఆర్డరు అటు వెళ్లిపోయింది. తక్కువ ఖర్చుతో తయారుచేసేది మనమే అయినా ఓడిపోయాం. ఇదే మళ్లింపు. కొనే దేశానికీ ఇది పూర్తి లాభం కాదు. కొనుగోలుదారుకి చొక్కాకు 10 రూపాయలు మిగిలాయి, కానీ ఖజానాకు ఇంతకుముందు వచ్చే 15 రూపాయల సుంకం పోయింది. పాత అమ్మకాల వరకు చూస్తే చొక్కాకు 5 రూపాయలు నికర నష్టం. ధర తగ్గడం వల్ల పెరిగిన అమ్మకాల లాభం దీన్ని పూడుస్తుందా లేదా అన్నది సరుకును బట్టి ఉంటుంది.

ఇక్కడ చాలామంది చూడకుండా వదిలేసే మెట్టు ఒకటుంది. ఆర్డరు పోకూడదనుకుంటే మన ఎగుమతిదారు 75ను 66.60కి దించాలి. దాని మీద 20% వేస్తే 79.92. అప్పుడు ఆర్డరు నిలుస్తుంది, కానీ చొక్కాకు 8 రూపాయల 40 పైసలు మన చేతి నుంచి పోతాయి. అలాంటి చోట ఎగుమతి పరిమాణం చూస్తే ఏమీ జరగనట్టే ఉంటుంది. దెబ్బ ధరలో దాగి ఉంటుంది. బయటి దేశానికి జరిగే నష్టాన్ని టన్నుల్లో మాత్రమే కొలిస్తే సగం కనపడదు.

అసలు సుంకం 20% కాక 40% ఉందనుకోండి. ఇండియాది 105, పక్క దేశానిది 112, సొంతది 100. అంటే మనం అమ్మేదే లేదు. కూటమి వచ్చాక పక్క దేశపు చొక్కా 80కి వచ్చి సొంత ఫ్యాక్టరీని పక్కకు నెట్టింది. ఇది వాణిజ్య సృష్టి. మనకు పోయిందేమీ లేదు, ఎందుకంటే ముందు మన అమ్మకాలు సున్నా.

ఇప్పుడు మీ టర్కీ ప్రశ్నకు దగ్గరగా వద్దాం. కూటమిలో చేరుతూ బయటి సుంకాన్ని 20% నుంచి 5%కి దించారనుకుంటే ఇండియా చొక్కా 78.75, పక్క దేశానిది 80. ఆర్డరు మనదే. ఈ ఉదాహరణలో సరిహద్దు గీత 6.67% దగ్గర ఉంది (80ని 75తో భాగించి చూడండి). బయటి సుంకం దానికి పైన ఉంటే మళ్లింపు, కింద ఉంటే లేదు. కాబట్టి బయటివాడి బతుకును తేల్చేది లోపలి సున్నా ఒక్కటే కాదు. బయటి గోడ ఎంత ఎత్తుందో చూడాలి. మీ అంచనా సుంకం వరకు సరైనదే. టర్కీ విషయంలో సుంకంతో పాటు కోటాలు వచ్చాయి. ఆ కేసు సంగతి బాగా తెలిసినవాళ్లు రాస్తే మంచిది.

దీనికి ఎదురు ఉదాహరణ కూడా గుర్తుంచుకోండి. 1990లలో ఎస్టోనియా దిగుమతి సుంకాలు దాదాపు లేని దేశం. 2004 మే 1న ఈయూలో చేరుతూ ఉమ్మడి బయటి సుంకాన్ని తీసుకోక తప్పలేదు. అక్కడ చేరిక వల్ల బయటి గోడ పెరిగింది. టర్కీలో తగ్గింది. "కస్టమ్స్ యూనియన్ బయటివాళ్లకు మంచిదా చెడ్డదా" అని ఒకే జవాబు అడిగితే రాదు.

ఆర్టికల్24

సుంకాలలెక్క గారు ఆపిన చోటి నుంచి మొదలుపెడతాను. డబ్ల్యూటీఓలో ఈ వివాదం సంఖ్య డీఎస్34. భారత్ 1996 మార్చిలో సంప్రదింపులు కోరింది, 1999 మేలో ప్యానెల్ (విచారణ బృందం) నివేదిక, అదే ఏడు అక్టోబరు 22న అప్పిలేట్ బాడీ (అప్పీళ్లు వినే విభాగం) నివేదిక వచ్చాయి.

జరిగింది ఇదీ. అప్పట్లో బహుళ నార ఒప్పందం (బట్టల దిగుమతికి కోటాలు పెట్టుకోనిచ్చిన పాత ఒప్పందం) నాటి నుంచి ఈయూకి మన బట్టల మీద పరిమాణ కోటాలు ఉండేవి. టర్కీకి ఆ కోటాలు లేవు. 1996 జనవరి 1 నుంచి టర్కీ ఈయూ పద్ధతినే తీసుకుంటూ, మన జౌళి, దుస్తుల సరుకుల్లో 19 కేటగిరీల మీద కొత్తగా పరిమాణ ఆంక్షలు పెట్టింది. సుంకం తగ్గినా ఏడాదికి ఇన్నే ముక్కలు, ఇన్నే టన్నులు అన్న తర్వాత తగ్గిన సుంకంతో ప్రయోజనం లేదు. కోటా నిండాక 12% అయినా సున్నా అయినా సరుకు లోపలికి పోదు.

టర్కీ వాదన తేలిగ్గా తీసిపారేసేది కాదు. "ఈయూలో కోటా ఉండి మా దగ్గర లేకపోతే ఇండియా బట్టలు మా దగ్గర దిగి, మా మీదుగా ఈయూకి పోతాయి. దాన్ని ఆపడానికి ఈయూ మా జౌళిని యూనియన్ నుంచి బయట పెడుతుంది. ఈయూకి మా ఎగుమతుల్లో జౌళి, దుస్తులే దాదాపు 40%. అవి లేకుండా కస్టమ్స్ యూనియనే ఉండదు" అన్నారు.

గాట్ (సుంకాలు, వాణిజ్యంపై సాధారణ ఒప్పందం) 24వ అధికరణం కస్టమ్స్ యూనియన్లకు మినహాయింపు ఇస్తుంది. అప్పిలేట్ బాడీ దానికి రెండు షరతులు చెప్పింది. ఒకటి, ఆ చర్య 24వ అధికరణం కోరినట్టు ఉన్న కస్టమ్స్ యూనియన్ ఏర్పడేటప్పుడు తెచ్చిందై ఉండాలి. రెండు, ఆ చర్యను అనుమతించకపోతే యూనియన్ ఏర్పడడమే ఆగిపోవాలి. నిరూపించే భారం ఆ మినహాయింపు అడిగిన దేశానిదే. టర్కీ రెండో దాని దగ్గర ఓడిపోయింది. ఏది టర్కీలో తయారైనదో, ఏది ఇండియాది టర్కీ మీదుగా వచ్చిందో వేరు చేయడానికి కోటా ఎందుకు, మూల ధ్రువపత్రాలు (సరుకు ఏ దేశంలో తయారైందో చెప్పే కాగితాలు) చాలవా అని అడిగారు. యూనియన్‌ను ఏర్పరచిన 1/95 నిర్ణయంలోనే 12వ అధికరణం 3వ పేరా అలాంటి ధ్రువపత్రాల పద్ధతికి వీలు కల్పించింది. ఆ దారి చేతిలో ఉండగా కోటా తప్పనిసరి అనడం కుదరలేదు.

ఇంకో విషయం. "ఈ ఆంక్షలు యూనియన్‌వి, మావి కావు" అన్న మాటను ప్యానెల్ ఒప్పుకోలేదు. కోటా పెట్టింది టర్కీ ప్రభుత్వం, జవాబు చెప్పాల్సింది అదే. కూటమి చాటున సభ్య దేశం తన డబ్ల్యూటీఓ మాట నుంచి తప్పుకోలేదన్నది చిన్న దేశాలకు చాలా విలువైన తీర్పు.

పాఠంలో చెప్పదలిస్తే 24వ అధికరణంలో ఈ మూడు చోట్లూ చూపించండి. 5వ పేరా (ఎ): యూనియన్ బయటి సుంకాలు, నిబంధనలు మొత్తం మీద మునుపటి కంటే బరువు కాకూడదు. 1994 అవగాహన పత్రం ప్రకారం దీన్ని వసూలైన సుంకాల, భారిత సగటు రేట్ల లెక్కతో చూస్తారు. 6వ పేరా: సగటు బాగానే ఉన్నా ఒక సరుకు మీద కట్టుబడిన రేటు (ఇంతకు మించి వేయమని మాటిచ్చిన సుంకం) పెరిగితే, నష్టపోయిన దేశానికి పరిహారం గురించి మాట్లాడాలి. 8వ పేరా: లోపల "దాదాపు మొత్తం వాణిజ్యం" మీద సుంకాలు తీసేయాలి.

6వ పేరా కాగితం మీదే ఉండిపోయిందనుకోకండి. 1986లో స్పెయిన్, పోర్చుగల్ అప్పటి యూరోపియన్ కమ్యూనిటీలో చేరినప్పుడు స్పెయిన్ మొక్కజొన్న మీద ఉన్న 20% సుంకం పోయి, కమ్యూనిటీ వారి మారే లెవీ వచ్చింది. అది 100% దాటేది. అక్కడ అమ్ముకుంటున్న అమెరికా మొక్కజొన్నకు దారి మూసుకుపోయింది. ఐరోపా జున్ను, వైన్, బ్రాందీ, జిన్ వంటి వాటి మీద 200% సుంకం వేస్తామని అమెరికా హెచ్చరించింది. 1987 జనవరిలో రాజీ కుదిరింది: స్పెయిన్ ఏటా కమ్యూనిటీ బయటి దేశాల నుంచి 20 లక్షల టన్నుల మొక్కజొన్న, 3 లక్షల టన్నుల జొన్న కొనేలా చూస్తామన్నారు. ఎదురు దెబ్బ కొట్టే బలం ఉన్న దేశానికి పరిహారం ఏడాదిలో వచ్చింది. మన కేసుకు మూడేళ్లు దాటింది. ఆ తేడా కూడా పిల్లలకు చెప్పాలి.

బిల్‌ఆఫ్‌ఎంట్రీ

మూడో ప్రశ్నకు జవాబు. నూలు టర్కీకి రెండు దార్లలో వెళ్తుంది, రెండింటి కాగితాలూ వేరు.

నేరుగా ఇండియా నుంచి టర్కీ రేవుకు వెళ్తే ఉమ్మడి బయటి సుంకం కట్టాలి. పత్తి నూలు, అంటే హెచ్‌ఎస్ (సరుకులకు అన్ని దేశాలూ వాడే కోడ్) 5205 మీద అది సుమారు 4%. పత్తి గుడ్డకు 8%, చొక్కాలకు 12%. 20 టన్నుల కంటైనరు కిలో 3 డాలర్ల లెక్కన 60,000 డాలర్లు అనుకుంటే నూలు మీద డ్యూటీ 2,400 డాలర్లు.

హాంబర్గ్‌లో దింపి, అక్కడ 4% కట్టి దిగుమతి పూర్తి చేస్తే ఆ నూలు "స్వేచ్ఛా చలామణి"లోకి వచ్చినట్టు. అప్పుడు అక్కడి కస్టమ్స్ ఏ.టీఆర్ అనే కాగితం మీద ముద్ర వేస్తుంది. ఆ కాగితం సరుకు ఎక్కడ పుట్టిందో చెప్పదు. డ్యూటీ కట్టిందా లేదా అన్నదే చెబుతుంది. దాంతో టర్కీలో మళ్లీ కస్టమ్స్ సుంకం పడదు. కస్టమ్స్ యూనియన్‌కీ స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందానికీ అసలు తేడా ఈ ఒక్క కాగితంలో కనిపిస్తుంది. ఒప్పందాల్లో మూలం అడుగుతారు, ఇక్కడ సుంకం కట్టిన సంగతి అడుగుతారు.

పొరపాట్లు ఎక్కువగా ఎక్కడ జరుగుతాయంటే: సరుకును రోటర్‌డామ్ బాండెడ్ గోడౌనులో పెట్టి, డ్యూటీ కట్టకుండా టీ1 ట్రాన్సిట్ మీద టర్కీకి పంపి, "ఈయూ నుంచే వచ్చింది కదా" అనుకుంటారు. దానికి ఏ.టీఆర్ రాదు, పూర్తి డ్యూటీ పడుతుంది. ముద్ర పడిన నాటి నుంచి 4 నెలల్లో ఆ కాగితం టర్కీ కస్టమ్స్‌కి చేరాలి. దారిలో మూడో దేశంలో సరుకు విప్పి మళ్లీ ప్యాక్ చేస్తే నేరుగా రవాణా అయినట్టు లెక్కకు రాదు. వ్యవసాయ సరుకులకు, బొగ్గు, ఉక్కుకు ఏ.టీఆర్ చెల్లదు. వాటికి మూలం చూపే ఈయూఆర్.1 కావాలి.

ఏ.టీఆర్ ఉంటే అన్నీ మాఫీ అని మాత్రం అనుకోవద్దు. యాంటీ డంపింగ్ సుంకాల్ని (మరీ తక్కువ ధరకు దింపే సరుకు మీద అదనంగా వేసేవాటిని) టర్కీ, ఈయూ ఎవరివి వారే వేసుకుంటాయి. ఇండియా మూలం మీద టర్కీ వేసిన యాంటీ డంపింగ్, సరుకు జర్మనీ మీదుగా వచ్చినా తగులుతుంది. దానికి తోడు 2011 నుంచి టర్కీ ఒప్పందం లేని దేశాల గుడ్డ మీద 20% వరకు, దుస్తుల మీద 30% వరకు అదనపు సుంకం తెచ్చింది. ఇది మూలం చూసి వేసేది. అందుకే ఏ.టీఆర్ ఉన్న సరుకుకు కూడా టర్కీ కస్టమ్స్ మూల రుజువు అడుగుతూ వచ్చింది. ఇది యూనియన్ సూత్రానికి విరుద్ధమని ఈయూ ఏళ్లుగా అభ్యంతరం చెబుతోంది. గుడ్డ, దుస్తులు పంపేవాళ్లు ధర చెప్పే ముందు ఆ హెచ్‌ఎస్ కోడ్‌కు అదనపు సుంకం ఉందేమో టర్కీ కొనుగోలుదారుతో రాతలో తీసుకోవాలి. ఉమ్మడి సుంకం 8% చూసి ధర చెబితే బేరం అక్కడే పాడవుతుంది.

నూలు మిల్లులకు పనికొచ్చే సంగతి ఇంకొకటి. టర్కీ చొక్కాల తయారీదారు మన నూలును ఎగుమతి కోసమే తెచ్చుకుంటే అక్కడి ఇన్‌వార్డ్ ప్రాసెసింగ్ కింద ఆ 4% కట్టకుండా తెచ్చుకోవచ్చు. ఆ చొక్కా అమెరికాకు పోతే అంతటితో సరి. అదే చొక్కా ఏ.టీఆర్ మీద ఈయూకి పోతే మాత్రం ముందు వదిలేసిన 4% అప్పుడు కట్టాలి, దాన్ని పరిహార సుంకం అంటారు. కాబట్టి ఒకే నూలుకు ఒకే కొనుగోలుదారు రెండు ధరలు మాట్లాడితే అది బేరం ట్రిక్కు అనుకోకండి. చొక్కా చివరికి ఎటు పోతుందో అడగండి.

కృష్ణాతీరం

చాలా స్పష్టంగా ఉంది, ముగ్గురికీ ధన్యవాదాలు. ఒక చిన్న సందేహం. స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందమే అయితే, అంటే ఉమ్మడి బయటి సుంకం లేకపోతే, బయటివాళ్ల మీద సుంకాలు ఏమీ మారవు కదా. అప్పుడు మనకు నష్టం ఆ చొక్కా లెక్కలో చూపినంతేనా?

ఆర్టికల్24

దానికన్నా ఎక్కువే ఉంటుంది. ఒప్పందంలో మూల నిబంధనలు (సరుకును ఏ దేశపుదిగా లెక్కించాలో చెప్పేవి) అనే అధ్యాయం ఉంటుంది, మళ్లింపు అందులోంచి కూడా నడుస్తుంది.

1994 జనవరి 1న అమల్లోకి వచ్చిన నాఫ్టా (అమెరికా, కెనడా, మెక్సికోల స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం) ప్రకారం మెక్సికోలో కుట్టిన చొక్కా అమెరికాకు సుంకం లేకుండా పోవాలంటే చాలా రకాల్లో నూలు దగ్గర నుంచి అంతా ఉత్తర అమెరికాలోనే తయారవ్వాల్సి ఉండేది. నూలు మీద అమెరికా సుంకం ఒక్క పైసా పెరగలేదు. అయినా మెక్సికో కుట్టుదారు ఆసియా నూలు కొంటే చొక్కా మీద సున్నా సుంకం పోయేది కనుక, మానేసేవాడు. దెబ్బ చొక్కా మీద కాక రెండు మెట్లు కింద ఉన్న నూలు మీద పడింది.

ఐరోపా ఇందుకు వేరే దారి పట్టింది. ప్రాంతీయ కూటమి కాకపోయినా పోలికకు పనికొస్తుంది. అతి తక్కువ అభివృద్ధి చెందిన దేశాలకు 2011 నుంచి గుడ్డ బయట కొని లోపల కుడితే చాలు అన్నారు. దాంతో బంగ్లాదేశ్ చొక్కా మన నూలుతో, మన గుడ్డతో తయారైనా ఈయూలో సున్నా సుంకమే. చొక్కా అమ్మకంలో మనకు పోటీ, నూలు అమ్మకంలో మనకు గిరాకీ. నిబంధన ఏ మెట్టు దగ్గర గీత గీసిందో చదవకుండా లాభనష్టాలు చెప్పకూడదు.

కార్లలోనూ ఇంతే. 2020 జూలై 1న నాఫ్టా స్థానంలో వచ్చిన ఒప్పందం ప్రాంతీయ విలువ వాటాను 62.5% నుంచి 75%కి పెంచింది. ఉక్కు, అల్యూమినియం కొనుగోళ్లలో 70% ఉత్తర అమెరికావే కావాలంది. కారు విలువలో 40 శాతాన్ని, తేలికపాటి ట్రక్కయితే 45 శాతాన్ని గంటకు కనీసం 16 డాలర్ల సగటు జీతం ఉన్న ఫ్యాక్టరీలకు ముడిపెట్టింది. ఆసియా నుంచి విడిభాగాలు పంపేవాడి సుంకం మారలేదు, కొనేవాడి లెక్క మారింది. ఆ ఏటికి అమెరికా మామూలు సుంకం కార్ల మీద 2.5%, పికప్ ట్రక్కుల మీద 25%. కారు తయారీదారుకి నిబంధన బరువైతే 2.5% కట్టేసి బయటి భాగాలే వాడుకునే వీలుండేది. పికప్ తయారీదారుకి ఆ వీలు లేకపోయింది.

మూల నిబంధన బలంగా లేకపోతే ఏమవుతుందో మన దగ్గరే చూశాం. 2000 మార్చి 1 నుంచి అమలైన భారత్–శ్రీలంక ఒప్పందం కింద తక్కువ సుంకంతో పామాయిల్ తెచ్చి శ్రీలంకలో వనస్పతిగా మార్చి మన మార్కెట్‌కు పంపే ఫ్యాక్టరీలు పుట్టుకొచ్చాయి. చివరికి వనస్పతికి కోటా పెట్టాల్సి వచ్చింది. 2020 సెప్టెంబరు 21 నుంచి మన కస్టమ్స్ తెచ్చిన కరోటార్ నియమాలు ఇలాంటివాటి కోసమే. ఒప్పందం కింద తక్కువ డ్యూటీ కోరే దిగుమతిదారు దగ్గర మూల ధ్రువపత్రం ఒక్కటే ఉంటే చాలదు. ఫారం 1లో తయారీ ప్రక్రియ, విలువ వాటా వివరాలు ఉండాలి, 5 ఏళ్లు దాచాలి.

డేటాగని

రెండో ప్రశ్న ఎవరూ తీసుకోలేదు కాబట్టి నేను రాస్తున్నాను. ఒక సరుకులో మళ్లింపును విద్యార్థి స్థాయిలో తేల్చవచ్చు. కానీ చాలామంది తప్పు చోట మొదలుపెడతారు.

మొదట సరుకును 6 అంకెల హెచ్‌ఎస్ దగ్గర పట్టుకోండి. "జౌళి" అని మొత్తం అధ్యాయం తీసుకుంటే నూలులో లాభం, చొక్కాల్లో నష్టం కలిసిపోయి ఏమీ తేలదు. గమ్యదేశంలో అందరికీ వర్తించే మామూలు సుంకం, కూటమి దేశానికి వర్తించే సుంకం రెండూ రాసుకోండి. ఈయూకి యాక్సెస్2మార్కెట్స్ సైటులో, మిగతా దేశాలకు ఐటీసీ (అంతర్జాతీయ వాణిజ్య కేంద్రం) వారి మార్కెట్ యాక్సెస్ మ్యాప్‌లో దొరుకుతాయి. రెండింటి తేడా ప్రాధాన్య మార్జిన్. అది 2–3% లోపు ఉంటే అక్కడ మళ్లింపు కోసం వెతకడం చాలావరకు వృథా. మూల కాగితాల ఖర్చుకే అది సరిపోవచ్చు.

తర్వాత యూఎన్ కామ్‌ట్రేడ్ (ఐక్యరాజ్యసమితి వాణిజ్య డేటా సైటు) నుంచి గమ్యదేశపు దిగుమతులు తీయండి. మన ఎగుమతుల లెక్క కాదు, వాళ్ల దిగుమతుల లెక్క. ఒప్పందానికి ముందు మూడేళ్లు, తర్వాత నాలుగేళ్లు. మూడు రాశులు పక్కపక్కన పెట్టండి: కూటమి నుంచి, ఇండియా నుంచి, మిగతా ప్రపంచం నుంచి. విలువ, బరువు రెండూ తీసి భాగిస్తే కిలో ధర వస్తుంది. సుంకాలలెక్క గారు చెప్పిన 66.60 దెబ్బ అక్కడే బయటపడుతుంది: బరువు నిలకడగా ఉండి, మన కిలో ధర పడిపోయి, అదే కాలంలో మన ధర వేరే దేశాల్లో పడకపోతే.

మన వాటా తగ్గగానే మళ్లింపు అనేయకండి. మన వాటా తగ్గినా టన్నులు పెరిగి ఉండొచ్చు, కూటమి వల్ల మొత్తం మార్కెట్ పెరిగి ఉండొచ్చు. బయటి దేశాలతో కూటమి వాణిజ్య పరిమాణం తగ్గిందా అన్నదే ఆర్థికవేత్త మెక్‌మిలన్ పెట్టిన పరీక్ష. దానికి ఆధారం ఆర్థికవేత్తలు కెంప్, వాన్ 1976లో చూపిన ఫలితం: బయటి దేశాలతో వాణిజ్యం మారకుండా ఉండేలా ఉమ్మడి సుంకాన్ని ఎంచుకుంటే, బయటివారికి నష్టం లేకుండానే సభ్యులు లాభపడగలరు. కూటమి అంటేనే బయటివాడికి నష్టం అన్న మాట సిద్ధాంతపరంగా కూడా నిలవదు.

డేటాలో గోతులు రెండు ముఖ్యం. 2012, 2017, 2022లలో హెచ్‌ఎస్ కోడ్లు మారాయి. ఒక కోడ్ రెండుగా చీలితే పాతది హఠాత్తుగా సగమై, ఎగుమతి కూలినట్టు కనిపిస్తుంది. రెండోది రోటర్‌డామ్. జర్మనీకి పోయే సరుకు అక్కడ క్లియరైతే నెదర్లాండ్స్ దిగుమతిగా నమోదవుతుంది. అందుకే ఈయూ విషయంలో ఒక్కో దేశాన్ని విడిగా చూడకుండా 27ని కలిపి చూడండి. 2020కి ముందు సంవత్సరాలతో పోల్చేటప్పుడు బ్రిటన్‌ను రెండు వైపులా ఒకేలా ఉంచండి, లేదంటే రెండు వైపులా తీసేయండి.

మిర్చియార్డు

సుంకాల మీదే చర్చ నడుస్తోంది కాబట్టి ఒక మాట కలుపుతాను. గుంటూరు ఎండుమిర్చికి ఈయూలో సుంకం కన్నా పెద్ద గోడ ప్రమాణాలది. అది కూడా సమైక్యతలో భాగమే, ఎందుకంటే 27 దేశాలకూ ఒకటే పరిమితి. అఫ్లాటాక్సిన్ (బూజు వల్ల పుట్టే విషం) బీ1 కిలోకు 5 మైక్రోగ్రాములు, మొత్తం అఫ్లాటాక్సిన్లు 10 మైక్రోగ్రాములు.

బయటివాడికి ఇందులో లాభం, ప్రమాదం రెండూ ఉన్నాయి. ఒక్క పరీక్షలో పాసై ఒక్క రేవులో క్లియరైతే ఏ సభ్య దేశంలోనైనా అమ్ముకోవచ్చు, దేశానికో ల్యాబ్ రిపోర్టు అక్కర్లేదు. అదే స్పెయిన్ రేవులో ఒక లాటు ఫెయిలైతే ఆర్‌ఏఎస్‌ఎఫ్‌ఎఫ్ అనే హెచ్చరిక వ్యవస్థ ద్వారా మిగతా దేశాలన్నిటికీ కబురు వెళ్తుంది. ఫెయిల్ అవుతూ ఉంటే ఆ సరుకు, ఆ దేశం మీద తనిఖీల శాతం పెంచుతారు. అప్పుడు మంచి లాటు పంపినవాడి కంటైనరు కూడా రేవులో రోజుల తరబడి ఆగి, అద్దె పెరుగుతుంది. 2003లో మిరపపొడిలో సూడాన్ అనే కల్తీ రంగుల గొడవ వచ్చినప్పుడు జరిగిందదే: మిరప సరుకు ప్రతి లాటుకు సూడాన్ రంగు లేదన్న రిపోర్టు ఈయూ అంతటా తప్పనిసరైంది.

అఫ్లాటాక్సిన్ టిక్కీ (మిర్చి బస్తా) అంతా ఒకేలా ఉండదు. కల్లంలో అడుగున తడి తగిలిన కొన్ని కాయల్లోనే గట్టిగా ఉంటుంది. అందుకే ఇక్కడ పాసైన లాటు అక్కడ ఫెయిలవుతుంది. టిక్కీ పైనుంచి గుప్పెడు తీసి ల్యాబుకు పంపితే ఆ రిపోర్టుకు విలువ లేదు. చాలా టిక్కీల్లోంచి, లోపలి పొరల నుంచి తీసి, అంతా కలిపి పొడి చేసి, ఆ పొడి నుంచి నమూనా ఇవ్వాలి. తేమ 11% దాటిన సరుకును కోల్డ్ స్టోరేజీ నుంచి తీయగానే ఓడ ఎక్కిస్తే దారిలోనే బూజు మొదలవుతుంది.

కృష్ణాతీరం

డేటాగని గారూ, 520524 (పత్తి నూలు), 620520 (పత్తి చొక్కాలు) రెండు కోడ్లు తీసుకుని టర్కీ దిగుమతులు 1993 నుంచి చూడాలనుకుంటున్నాను. హెచ్‌ఎస్ మార్పుల గొడవ ఎక్కడ తగులుతుంది?

డేటాగని

కామ్‌ట్రేడ్‌లో డౌన్‌లోడ్ చేసేటప్పుడు "హెచ్‌ఎస్ 1992" వర్గీకరణ ఎంచుకోండి. తర్వాతి సంవత్సరాల్ని కూడా పాత కోడ్లకు మార్చి ఇస్తుంది. చొక్కాల దగ్గర ముక్కల సంఖ్య కాలమ్‌లో కొన్ని ఏళ్లు ఖాళీగా ఉంటే బరువు కాలమ్ వాడండి, రెండూ కలపకండి. ఇంకో జాగ్రత్త: 1994లో టర్కీ లీరా బాగా పడిపోయి దిగుమతులు కుంగాయి. ఆ ఒక్క ఏడాదిని "ముందు" కింద పెట్టుకుంటే 1996 తర్వాత అందరి దిగుమతులూ యూనియన్ వల్లే పెరిగినట్టు కనిపిస్తాయి. 1993, 1995లను కూడా తీసుకుని సగటు చూడండి. కోటాల ప్రభావం కావాలంటే 2005 జనవరి 1కి ముందు, తర్వాత వేరుగా చూడండి. జౌళి కోటాల ఒప్పందం ముగిసింది ఆ రోజే.

బిల్‌ఆఫ్‌ఎంట్రీ

620520 తీస్తున్నారు కనుక 2011 దగ్గర కూడా ఒక గీత గీయండి. నేను పైన చెప్పిన అదనపు సుంకం చొక్కాలకు తగిలింది అప్పుడే. ఆ గీత లేకపోతే 2012లో కనిపించే మార్పును కస్టమ్స్ యూనియన్ ఖాతాలో వేసేస్తారు.